పాత టేకు దూలంతో చీలని పీట

పీట చూడటానికి చాలా తేలిక పని. పైన ఒక పలక, కింద రెండు అడ్డ కాళ్లు, అంతే. కానీ మా సిరొంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) వైపు ఏ ఇంట్లోనైనా పాత పీటను తిరగేసి చూడండి, చాలావాటికి మధ్యలో పొడుగునా ఒక చీలిక కనిపిస్తుంది. పిల్లలు ఎక్కి దూకారనో, ఎవరో బరువైన మనిషి కూర్చున్నాడనో అంటారు. అసలు కారణం అది కాదు. చేసినవాళ్లు కాళ్లను పలకకు మేకులు కొట్టి, జిగురు కూడా పూసి, కదలకుండా బిగించేశారు. మే నెల ఎండకు పలక కుదించుకుపోవాలని చూసింది, కాళ్లు పోనివ్వలేదు. ఇక పలకకు చీలడం తప్ప దారి లేదు.

నేను వృత్తికి వడ్రంగిని కాను. ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సుల) డిపోలో మెకానిక్‌ని. డ్యూటీ దిగాక వసారాలో చెక్క పని పెట్టుకుంటాను. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందు ఏ మిషన్ కొనాలని అడుగుతుంటారు. ఏ మిషనూ వద్దు. ఒక పీట చెయ్యండి. చెక్కను చూసి ఎంచుకోవడం, పదును పెట్టడం, అతకడం, చెక్క కదలికకు చోటివ్వడం, ఈ పనులన్నీ అందులో ఉన్నాయి. పాడైతే పోయేది ఒక మూర చెక్క.

దూలం దొరకడం, చూడటం

మా జిల్లా టేకుకు పేరుంది. అయోధ్య రామాలయం తలుపులకు చంద్రపూర్, గడ్చిరోలి అడవుల టేకే వెళ్లింది, 2023 మార్చిలో బల్లార్షా నుంచి ఊరేగింపుగా పంపారు. అయితే డిపో వేలంలో కొత్త టేకు కొనడం మనలాంటి సరదా పనివాళ్ల జేబుకు భారం. మనకు దారి పాత ఇళ్లు. ఘర్‌కుల్ అనే ప్రభుత్వ ఇళ్ల పథకం కింద స్లాబు ఇళ్లు లేస్తున్న కొద్దీ పెంకుటిళ్లు కూల్చేస్తున్నారు. దూలాలు, వాసాలు, ద్వారబంధాలు దొడ్లో వానకు తడుస్తూ పడి ఉంటాయి. కొందరు నీళ్లు కాచుకోవడానికి పొయ్యిలో కూడా పెట్టేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పాత దూలం పైకి నల్లగా, సున్నం పట్టి, పొగ చూరి ఉంటుంది. పైరూపాన్ని చూసి తీసిపారేయకండి. ఒక మూల రంపంతో వేలెడంత కోసి వాసన చూడండి. ఎన్నేళ్లయినా టేకు వాసన తెలిసిపోతుంది, కొద్దిగా తోలు వాసన, కొద్దిగా నూనె వాసన. కోసిన చోట లోపల ముదురు గోధుమ రంగులో ఉన్నది చేవ. దాని చుట్టూ పాలిపోయినట్టున్న అంచు తెల్ల కర్ర. చెదలు, పురుగులు పట్టేది ముఖ్యంగా ఆ తెల్ల కర్రకే. చేవలో ఉండే సహజమైన నూనెలు చెదను దగ్గరికి రానివ్వవు. తెల్ల భాగంలో సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే ఆ భాగం కోసి కాల్చెయ్యండి, ఇంట్లో మిగతా సామాను దగ్గర పెట్టకండి. చేవలోకి స్క్రూడ్రైవర్ మొన పొడిచి చూడండి. గట్టిగా తిప్పికొడితే మంచిది, మెత్తగా దిగితే గోడలో ఉన్న ఆ కొస తేమకు చివికిపోయిందని లెక్క. ఆ కొస జానెడు కోసి మళ్లీ పొడిచి చూడాలి.

తరువాత మేకులు. పాత దూలంలో మేకు ఎక్కడ విరిగి లోపల ఉండిపోయిందో కంటికి కనపడదు. పాడైన స్పీకర్‌లోంచి అయస్కాంతం తీసి దారానికి కట్టండి. దూలం మీద అంగుళం ఎత్తులో నెమ్మదిగా నడిపించండి, మేకున్న చోట దారం పక్కకు లాగుతుంది. చాక్‌తో గుర్తు పెట్టుకోండి. తుప్పు మేకును టేకు గట్టిగా పట్టుకుని ఉంటుంది, లాగితే తల ఊడిపోతుంది. ముందు మేకు తల మీద సుత్తితో ఒక్క దెబ్బ లోపలికే కొట్టండి. పట్టు వదులుతుంది, ఆ తరువాత లాగితే వస్తుంది. టేకులో ఇనుము ఉన్న చోట చుట్టూ నల్ల మరక పడి ఉంటుంది, ఆ మరక కొంత లోతు వరకూ పోదు. ఉండనివ్వండి, పీటకు అందం తగ్గదు.

తలుపు చెక్కకో, ద్వారబంధానికో పాత ఆయిల్ పెయింట్ ఉంటే జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు పూసిన పాత రంగుల్లో సీసం ఉందనుకునే పని చెయ్యాలి. పొడిగా ఇసుక కాగితం పెట్టి రుద్దకండి. తడిపి గీకి, గీకిన పెచ్చులు కవరులో కట్టి పారెయ్యండి. చిన్న పిల్లలున్న ఇంట్లో అసలు ఆ పని పెట్టకండి.

ఇంకొక మాట. పాతదైనా టేకు టేకే. బండిలో వేసుకుని వెళ్తుంటే నాకా (చెక్‌పోస్టు) దగ్గర ఆపి అడుగుతారు. కాళేశ్వరం వంతెన దాటితే రాష్ట్రమే మారిపోతుంది. అందుకే ఇల్లు కూల్చిన చెక్క అని గ్రామపంచాయతీ కాగితం తీసుకుని, బండి ఎక్కించక ముందే అటవీ శాఖ రేంజి ఆఫీసులో అడిగి, పాస్ అవసరమంటే చేయించుకోండి. కొన్నవాళ్ల దగ్గర చీటీ రాయించుకోండి. దారిలో టెన్షన్ పడేకన్నా ఆ పూట ఆఫీసు చుట్టూ తిరగడమే నయం.

ధర మాట్లాడేటప్పుడు లెక్క మీరే వేసుకోండి. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగిస్తే ఘనపు అడుగులు, అంటే సీఎఫ్‌టీ వస్తుంది. 5 అంగుళాల చదరం, 8 అడుగుల పొడవు దూలమైతే 5 × 5 × 8 = 200, 144తో భాగిస్తే సుమారు 1.39. అందులో చివికిన కొస, తెల్ల కర్ర తీసేసి మిగిలినదానికే ధర కట్టండి.

కోత, ఆరబెట్టడం

ఆరా మిషన్ (కోత మిల్లు) వాళ్లు పాత దూలమంటే ముఖం చిట్లిస్తారు. మేకు తగిలితే బ్లేడు పళ్లు పోతాయి మరి. మేకులన్నీ తీశామని అయస్కాంతం పెట్టి వాళ్ల ముందే చూపించండి, బ్లేడు పాడైతే ఖర్చు మాదేనని ముందే చెప్పండి. అంగుళంపావు మందంలో పలకలు కోయించండి, రంద (చిత్రిక) పట్టాక 7 సూత్‌లు నిలవాలి. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఈ పనిలో నేను అన్నీ సూత్‌లలోనే కొలుస్తాను, టేపు మీద మిల్లీమీటర్లు చూసుకోవడం కన్నా చేతికి త్వరగా అలవాటవుతుంది.

దూలం దశాబ్దాలు ఇంటి కప్పు కింద ఎండినదే కదా, కోసిన రోజే పని మొదలుపెట్టొచ్చు కదా అనిపిస్తుంది. ఆగండి. లోపలి చెక్క ఇప్పుడే గాలి చూసింది. కోయగానే కొన్ని పలకలు వంగుతాయి, కొన్ని మెలిక తిరుగుతాయి. నీడలో, గాలి ఆడే చోట, ఒకే మందం ఉన్న చిన్న కర్రలు మధ్యలో పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చండి. ఆ కర్రలు పైనుంచి కిందికి ఒకే వరసలో ఉండాలి, లేకపోతే పలక అక్కడే వంగుతుంది. పైన బరువు పెట్టండి. త్వరగా ఎండుతుందని మే నెల ఎండలో మాత్రం వెయ్యకండి. ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మామూలే, చంద్రపూర్‌లో 47, 48 కూడా చూశాం. పై పొర గబగబా ఎండి, లోపల ఎండక, పలక కొసలు పగుళ్లిస్తాయి. కొసలకు మైనమో పాత పెయింటో పూస్తే ఆ బాధ తగ్గుతుంది.

ఎండిందని ఎలా తెలుస్తుంది? తేమ మీటరు కొనక్కర్లేదు. ఒక పలక మీద తేదీ వేసి, కిరాణా కొట్టు కాటా మీద వారానికోసారి తూయించి బరువు పలక మీదే పెన్సిల్‌తో రాయండి. బరువు తగ్గుతూ తగ్గుతూ ఒక చోట నిలిచిపోతుంది. అప్పటికి మీ ఊరి గాలితో ఆ పలకకు సమానం కుదిరినట్టు.

పదును

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవండి. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును త్వరగా తినేస్తుంది. మొద్దు రందతో టేకు మీద పడితే చెమట తప్ప ఏమీ రాదు. మా వీధిలో ఒక వడ్ల కాక, అంటే పెద్ద వయసు వడ్రంగి, ఉన్నాడు, కళ్లు సరిగా కనపడక పని మానేశాడు. నేను రంద తోస్తుంటే చప్పుడు విని అరుగు మీద నుంచే అంటాడు: "తమ్మీ, అది ఏడుస్తున్నది. తీసి నూరు." పదునున్న రంద టేకు మీద సన్నగా ఒకే చప్పుడు చేస్తుంది. గరగరమని ఆగి ఆగి పోతుంటే నూరాల్సిన టైమొచ్చినట్టు.

రంద బ్లేడుకు, ఉలికి 25 డిగ్రీల వాలు పెట్టండి. డిగ్రీలు కొలవడానికి సామాను అక్కర్లేదు. బ్లేడు మందం చూడండి. వాలు పొడవు మందానికి రెండింతలైతే 30 డిగ్రీలు, రెండింతలకు పైన ఇంకో మూడో వంతు ఉంటే 25. అంటే 3 మిల్లీమీటర్ల మందం బ్లేడుకు వాలు 7 మిల్లీమీటర్లుంటే సరి. గ్రైండర్ మీద పెడితే వేలికి వేడి తగిలిన ప్రతిసారీ నీళ్లలో ముంచండి. అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది, నీలం పోయేదాకా మళ్లీ అరగదీయాల్సిందే.

ఆ తరువాత పనికి మాకు డిపోలో బాగా తెలిసిన వస్తువే చాలు, బళ్లకు పెయింటు వేసేవాళ్లు నీళ్లతో తడిపి రుద్దే ఇసుక కాగితం, వాటర్ పేపర్. పాత కిటికీ అద్దం ముక్క మీద నీళ్లు చల్లి పేపర్ అతికించండి. 400 నంబరుతో మొదలుపెట్టి 800, 1000, 2000 దాకా వెళ్లండి, నంబరు పెరిగిన కొద్దీ పేపర్ నున్నన. ముందు బ్లేడు వెనక వైపు, అంచు దగ్గర అంగుళం మేర, అద్దంలా మెరిసేదాకా చదును చెయ్యాలి. ఇది ఒక్కసారి చేసే పని, విసుగొస్తుంది, కానీ వెనక వైపు చదును లేని బ్లేడుకు ఎంత నూరినా పదును రాదు. తరువాత వాలు వైపు. 400 మీద రుద్దుతూ ఉంటే వెనక వైపు వేలు బయటికి లాగి చూసినప్పుడు సన్నటి గరుకు తగులుతుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ గరుకు తగిలితేనే తరువాతి పేపర్‌కి వెళ్లండి. ఆఖర్న వాలును కాస్త ఎత్తిపట్టి, 30 డిగ్రీల దగ్గర, 2000 మీద నాలుగైదు సార్లు వెనక్కి లాగండి. వెనక వైపు ఒక్కసారి రుద్దితే గరుకు రాలిపోతుంది. పాత తోలు బెల్టు చెక్కకు అతికించి, ఇత్తడి పాలిష్ రాసి, దాని మీద వెనక్కి లాగుతూ రుద్దితే ఇంకా బాగుంటుంది. వాల్వులు నూరే పేస్ట్ వాడొచ్చా అని మా వాళ్లు అడుగుతారు. వద్దు, అది ముతక, పెట్టిన పదును చెడగొడుతుంది.

పదును వచ్చిందా లేదా అన్నది చెక్క కొస మీద చూడండి. మెత్తటి చెక్క ముక్క కొసను ఉలితో చెక్కితే ఆ చోటు నిగనిగలాడాలి. తెల్లగా, నలిగినట్టు వస్తే ఇంకా నూరాలి.

కొత్తవాళ్లకు ఉలులు నాలుగు చాలు: 2, 4, 6, 8 సూత్‌లు. చంద్రపూర్ బజారులో దొరుకుతాయి. కానీ నాకు నచ్చినవి కమాన్ పట్టా ఉలులు. కమాన్ పట్టా అంటే లారీ కింద ఉండే స్ప్రింగ్ పట్టీ, మంచి ఉక్కు. తుక్కు కొట్టులో తూకానికి దొరుకుతుంది (డిపో సామాను ముట్టుకోలేదు, ముందే చెప్తున్నా). పట్టా ముక్కను కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి రాత్రంతా వదిలేయాలి. మెత్తబడుతుంది, అప్పుడు ఆకురాయితో ఆకారం తెచ్చుకోవచ్చు. మళ్లీ ఎర్రగా కాల్చి అయస్కాంతం పెట్టి చూడాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసిన వేడి దగ్గర, కాస్త గోరువెచ్చగా ఉన్న పాత ఇంజన్ ఆయిల్లో నిలువుగా ముంచాలి. నూనె మంట లేస్తుంది, ముఖం దూరంగా పెట్టండి, మూత పక్కనే ఉంచండి, నీళ్లు మాత్రం పొయ్యకండి. ఇప్పుడు ఉలి గాజంత పెళుసు, కింద పడితే విరుగుతుంది. దాన్ని తోమి మెరిసేలా చేసి, పిడి వైపు నుంచి నెమ్మదిగా వేడి చేస్తే రంగులు అంచు వైపు పాకుతూ వస్తాయి. అంచు ముదురు గడ్డి రంగుకు రాగానే నీళ్లలో ముంచెయ్యాలి. సుమారు 230, 240 డిగ్రీల వేడి అది. గోధుమ రంగు దాటి ఊదా, నీలం వచ్చిందంటే మళ్లీ మొదటి నుంచి కాల్చుకోవాల్సిందే.

అరువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మేము నలుగురం పనిముట్లు పంచుకుంటాం: నేను, ఒక బడి పంతులు, ఒక లైన్‌మన్, ఒక టైలర్ అన్న. పెద్ద క్లాంపులు, డ్రిల్లు, పొడుగు రంద తలా ఒకటి కొని తిప్పుకుంటాం. ఉలి, చిన్న రంద, సన్న రంపం మాత్రం ఎవరివి వాళ్లకే. ఒక్కొక్కరి చేతి బరువు ఒక్కో రకం, పదును పోయి వెనక్కి వస్తే స్నేహం దెబ్బతింటుంది. ఇచ్చిన వస్తువు ఎవరి దగ్గరుందో టైలర్ అన్న కొట్టు గోడ మీద చాక్‌తో రాస్తాం. అంతకు మించిన లెక్క పెట్టలేదు.

పలక తయారు చెయ్యడం

పీట కొలత 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు అనుకుందాం. 5 అంగుళాల దూలం నుంచి 12 అంగుళాల పలక రాదు కాబట్టి మూడు ముక్కలు పక్కపక్కన అతకాలి. ఒక్కోటి 20 అంగుళాల పొడవు కోసుకోండి.

రంద పట్టే ముందు దూలం బయటి ముఖం ఉన్న పలకలను ఇనుప బ్రష్‌తో, నీళ్లతో కడిగి ఆరనివ్వండి, సున్నం, మట్టి బ్లేడుకు శత్రువులు. పలక మెలిక చూడటానికి రెండు తిన్నని కర్రలు చాలు. ఒకటి ఈ కొస, ఒకటి ఆ కొస అడ్డంగా పెట్టి కన్ను వంచి చూడండి. రెండు కర్రల పై అంచులు ఒకదానికొకటి సమంగా కనపడాలి. ఎత్తుగా ఉన్న మూలలను ముందు అడ్డంగా, తరువాత ఐమూలగా, ఆఖర్న పొడుగునా రంద పట్టండి. పీచు లేస్తుంటే పలకను అటు నుంచి ఇటు తిప్పి తొయ్యండి. రెండు వైపులా లేస్తుంటే అక్కడ ముడి ఉన్నట్టు. రంద వదిలేసి, విరిగిన హ్యాక్సా బ్లేడు అంచుతో గీకితే నున్నగా వస్తుంది.

అతుకు అంచులకు ఒక కిటుకు ఉంది. పక్కపక్కన రావాల్సిన రెండు పలకలను పుస్తకం మూసినట్టు ముఖాలు కలిపి నిలబెట్టి, రెండు అంచులనూ కలిపి ఒకేసారి రంద పట్టండి. మీ చెయ్యి ఒక పక్కకు వాలి ఉన్నా ఫరవాలేదు. పుస్తకం తెరిచినట్టు విప్పితే ఒక పలక వాలు రెండో పలక వాలును సరిచేస్తుంది, అతుకు చదునుగా వస్తుంది. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెలుతురుకు పట్టి చూడండి. మధ్యలో కాగితం మందం వెలుతురు కనపడితే మంచిదే, బిగించినప్పుడు మూసుకుంటుంది. కొసల్లో మాత్రం కనపడకూడదు.

టేకు నూనె జిగురును సరిగా పట్టనివ్వదు. అందుకే అంచులు రంద పట్టిన రోజే అతకండి, అతికే ముందు అసిటోన్ గుడ్డతో తుడిచి, ఆరగానే నీళ్లకు తట్టుకునే రకం చెక్క జిగురు పూయండి. కిటికీలు తీసి పెట్టండి, బీడీ తాగేవాళ్లను దూరంగా పంపండి. క్లాంపులు లేకపోతే లారీ పాత ట్యూబును అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, సాగదీస్తూ పలకల చుట్టూ గట్టిగా చుట్టండి. అంచు నుంచి జిగురు పూసల్లా బయటికొస్తే బిగువు సరిపోయినట్టు. పలకలు పైకి లేవకుండా పైనా కిందా అడ్డంగా కర్రలు పెట్టి, మధ్యలో ప్లాస్టిక్ కవరు వేసి, వాటినీ ట్యూబుతో కట్టేయండి. ఒక రోజు పూర్తిగా ముట్టుకోకండి. తరువాత మళ్లీ చదును చేసి, 18 × 12కి కోసి, మందం 7 సూత్‌లకు తెచ్చుకోండి.

కాళ్లు: అసలు పని

చెక్క పొడుగు వైపు దాదాపు కదలదు. వెడల్పు వైపు కదులుతుంది. 12 అంగుళాల టేకు పలకలో తేమ 6 శాతం మారితే, కొస మీద కనిపించే పొరలు పడుకుని ఉన్న కోతలో సుమారు ఒక సూత్ తేడా వస్తుంది. పొరలు నిలువుగా ఉన్న కోత అయితే అందులో సగానికి కాస్త పైన. మా దగ్గర ఎండాకాలానికి, ప్రాణహిత నిండుగా పారే రోజులకు మధ్య అంత తేడా ఆశ్చర్యం కాదు. కాళ్లు పలకకు అడ్డంగా ఉంటాయి, అంటే వాటి పొడవు పలక వెడల్పు వైపు. కాలు కదలదు, పలక కదులుతుంది. కాబట్టి పలక కాలి మీద జారగలిగేలా, కానీ ఊడిపోకుండా ఉండాలి. దానికి డవ్‌టైల్ గాడి.

గాడి అంటే పలక అడుగున తీసే కాలువ, నోటి దగ్గర ఇరుకు, లోతులో వెడల్పు. కాలి పై అంచు కూడా అదే ఆకారంలో చెక్కి పక్క నుంచి జరిపితే పైకి ఊడి రాదు. లోతు 3 సూత్‌లు పెట్టండి, పలకలో ఇంకా 4 మిగులుతుంది. నోటి వెడల్పు ఒక అంచున 8 సూత్‌లు, ఎదుటి అంచున 7; రెండో గాడికి ఇది తారుమారు. ఈ ఒక్క సూత్ తేడా ఒకే గోడ వైపు ఉంచండి, దాని వల్లే కాలు లోపలికి పోయిన కొద్దీ బిగుసుకుంటుంది. అడుగున ఒక్కో పక్కకు అర సూత్ ఎక్కువ ఉండాలి.

పలక కొసల నుంచి 3 అంగుళాల లోపలికి గీతలు గీయండి. గీతలు పెన్సిల్‌తో కాదు, కత్తి మొనతో. ఒక చెక్క దిమ్మ అంచును ఆరుకు ఒకటి వాలులో (ఆరు సూత్‌ల లోతుకు ఒక సూత్ పక్కకు) రంద పట్టి గీత వెంట బిగించండి. రంపం ఆ దిమ్మకు ఆనించి కోస్తే వాలు దానంతట అదే వస్తుంది. రంపం మీద 3 సూత్‌ల దగ్గర టేపు అంటించుకోండి, లోతు తప్పదు. రెండు గోడలూ కోశాక మధ్యలో ఇంకో మూడు నాలుగు కోతలు పెట్టి, 4 సూత్‌ల ఉలితో రెండు అంచుల నుంచీ మధ్యకు చెక్కుతూ రండి. ఒకే వైపు నుంచి తోసుకుపోతే అవతలి అంచు పెచ్చు లేచిపోతుంది. అడుగు సమంగా ఉందో లేదో చూడటానికి చిన్న చెక్కకు స్క్రూ బిగించి, మొన 3 సూత్‌లు బయటికి ఉంచి గాడిలో జరపండి. గీసుకున్న చోట ఎత్తుంది, అక్కడ చెక్కాలి.

కాలికి 10 సూత్‌ల మందం, రెండుంపావు అంగుళాల ఎత్తు చెక్క తీసుకోండి. పొడవు కాస్త ఎక్కువే ఉంచండి. పై అంచు నుంచి 3 సూత్‌ల కింద రెండు ముఖాల మీదా గీత గీసి, ఒక సూత్ లోతు కోయండి. తేడా ఉన్న వైపు ఇరుకు కొసకు వచ్చేసరికి ఆ కోత రెండు సూత్‌లు కావాలి. తరువాత ఉలితో వాలు చెక్కుకుంటూ రావాలి. ఇక్కడ తొందర పనికిరాదు. కాలికి చాక్ పొడి రాసి గాడిలో జరపండి, తీసి చూడండి, చాక్ చెరిగిపోయి నిగనిగలాడే చోట మాత్రమే పలచటి పొర తియ్యండి. చేత్తో జరుపుతూ ఉంటే రెండు అంగుళాలు మిగిలి ఆగిపోవాలి, ఆ రెండు అంగుళాలూ కొయ్య సుత్తితో కొడితే పోవాలి. నిండా చేత్తోనే పోతే వదులు, నాలుగైదు అంగుళాలు మిగిలిపోతే పలక చీలే ప్రమాదం. వదులైతే కాలి పక్కకు టేకు పొర ఒకటి అతికించి మళ్లీ చెక్కుకోవచ్చు.

జిగురు వద్దు, మేకు వద్దు. గాడి వెడల్పు పలక పొడుగు వైపు ఉంది కాబట్టి అది దాదాపు మారదు, పట్టు అంత త్వరగా వదలదు. రెండు కాళ్లనూ ఎదురెదురు అంచుల నుంచి కొట్టండి, ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి. ఒకసారి కుదిరాక గుర్తు పెట్టి, వెనక్కి కొట్టి బయటికి తీసి, ఒక్కో కొస పలక అంచు కన్నా ఒక సూత్ లోపలికి ఉండేలా కాళ్లు కోయండి. కింద మధ్యలో కొద్దిగా తొలిస్తే గచ్చు మీద నాలుగు మూలలే ఆనుతాయి, ఊగదు. మళ్లీ లోపలికి కొట్టేయండి.

నూనె

పీటకు వార్నిష్ అవసరం లేదు. వార్నిష్ మీద తడి గుడ్డతో తుడిస్తే, వేడి గిన్నె పెడితే తెల్ల మరకలు పడతాయి. కాచిన అవిసె నూనె (కొట్టులో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అంటారు) నాలుగు పాళ్లు, తేనె మైనం ఒక పాలు తూకానికి తీసుకుని, వేడి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద కాదు. మైనం అడవి తేనె అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. చల్లారాక గుడ్డతో రుద్ది, కాసేపాగి మిగిలింది తుడిచేయండి. నాలుగు రోజుల తేడాతో మూడు పూతలు చాలు. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూల పడెయ్యకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతట అదే అంటుకుంటుంది. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో పడెయ్యండి.

టేకు పొడి కొందరికి చర్మం దురద పెడుతుంది, ముక్కు కారుతుంది. రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, పని అయ్యాక స్నానం చెయ్యండి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే దురద ఇంకా పాకుతుంది.

వానాకాలంలో చేసిన పీట అయితే మొదటి ఎండాకాలం మధ్యలో ఒకసారి తిరగేసి చూడండి. పలక కుదించుకుని కాళ్ల కొసలు అంచు దాకా వచ్చి ఉంటే కంగారు వద్దు, అందుకే ఆ సూత్ వదిలాం. ఇంకా ముందుకొచ్చి మన కాలికి తగులుతుంటే కొసలను రందతో రెండు తోపులు తీసేయండి. పీట కాలు కాస్త వదులుగా అనిపిస్తే వెడల్పు అంచు వైపు నుంచి కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యండి.